గరాజులో యంత్రపు గది: అమెరికన్ ఇంటి సామాజిక చరిత్ర

ఉపోద్ఘాతం

రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికా నగరాల చుట్టూ శివారు కాలనీలు ఎలా విస్తరించాయో ఇంతకు ముందు చదివారు. ఈ పాఠంలో ఆ ఇళ్ళ లోపలికి వెళదాం. అయితే హాలు, వంటిల్లు కాకుండా, చరిత్రకారులు అంతగా పట్టించుకోని ఒక మూలను చూద్దాం. అది గరాజులో వాటర్ హీటరూ ఫర్నేసూ ఉండే మూల. ఫర్నేస్ అంటే ఇంటి మొత్తానికి గొట్టాల ద్వారా వెచ్చని గాలిని పంపే యంత్రం. చలి దేశపు ఇంటికి అది లేకపోతే గడవదు.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ బంధువులున్నవారు అలాంటి గరాజును ఫోటోలోనో, వీడియో కాల్‌లోనో చూసే ఉంటారు. కారు పక్కన మనిషెత్తు డ్రమ్ములాంటి వాటర్ హీటర్ ఉంటుంది. దాని కింద మోకాలెత్తు పీఠం, దాన్ని గోడకు బిగించిన రెండు ఉక్కు పట్టీలు, ముందు నేలలో పాతిన ఇనుప స్తంభం ఉంటాయి. కొన్ని ఇళ్ళలో ఇవేవీ బయటికి కనిపించవు. వాటి చుట్టూ గోడ కట్టి తలుపు పెట్టి ఉంటారు. ఆ తలుపుకు పైనా కిందా చీలికలు కనిపిస్తాయి.

పీఠం ఎందుకు? పట్టీలు ఎందుకు? తలుపుకు చీలికలు ఎందుకు? ఇవి ఇంజనీరింగ్ ప్రశ్నల్లా కనిపిస్తాయి. జవాబులు మాత్రం చరిత్రలో దొరుకుతాయి. భవన నిర్మాణ నియమావళిలోని ఒక్కొక్క వాక్యాన్ని శాసనం చదివినట్టు చదవవచ్చు. శాసనంలో రాజు పేరు ఉంటుంది, నియమావళిలో ఎవరి పేరూ ఉండదు. అయినా ఎవరికో జరిగిన కీడు ఆ వాక్యం వెనక తరచు ఉంటుంది.

నిప్పును కనిపెట్టి ఉండే మనిషి

19వ శతాబ్ది చివరినాటికి అమెరికాలోని చలి ప్రాంతాల మధ్యతరగతి ఇళ్ళలో నిప్పు నేలమాళిగకు దిగింది. నేలమాళిగను అక్కడ బేస్‌మెంట్ అంటారు. దాని మధ్యలో పెద్ద బొగ్గు ఫర్నేస్ ఉండేది. దాని నుంచి లావాటి గొట్టాలు నలుదిక్కులా పైకి పాకేవి. అందుకే జనం దాన్ని ఆక్టోపస్ అని పిలిచేవారు. దానికి ఫ్యాను లేదు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, చల్లగాలి కిందికి దిగుతుంది, అంతే. గొట్టాలలో గాలి సాఫీగా పైకెక్కాలంటే ఫర్నేస్ ఇంటికి అడుగునే ఉండాలి. అంటే బేస్‌మెంట్ అనే చోటును నిర్ణయించింది భౌతికశాస్త్రమే. 1895లో అయోవా రాష్ట్రంలోని మార్షల్‌టౌన్‌లో డేవ్ లెనాక్స్ రివెట్లు కొట్టిన ఉక్కు ఫర్నేసుల తయారీ మొదలుపెట్టాడు. పోత ఇనుముతో చేసిన పాత ఫర్నేసుల కన్నా వీటి నుంచి పొగ తక్కువగా కారేది.

ఈ ఏర్పాటులో ఒక మనిషి ఎప్పుడూ ఉండేవాడు. పొద్దున లేచి బొగ్గు వేయాలి, గాలి తలుపు సరిచేయాలి, రాత్రి నిప్పును బూడిదతో కప్పాలి, చల్లారిన బూడిదను ఎత్తి బయట పోయాలి. ధనికుల ఇళ్ళలో ఇది నౌకర్ల పని, మిగిలిన ఇళ్ళలో ఇంటి యజమానిదో పెద్ద కొడుకుదో. పని మురికిదే అయినా దాని వల్ల ఒక మేలు జరిగేది. పొగగొట్టం పూడుకుపోయినా, వాసన వచ్చినా, మంట రంగు మారినా రోజుకు రెండు మూడుసార్లు అక్కడికి వెళ్ళే మనిషి పసిగట్టేవాడు. 1885లో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ గది చల్లబడగానే ఫర్నేస్ గాలి తలుపును దానంతట అదే తెరిచే పరికరాన్ని కనిపెట్టాడు. నేటి థర్మోస్టాట్ల పుట్టుక అక్కడే. సౌకర్యం పెరిగింది, మెట్లు దిగి వెళ్ళే పని తగ్గింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మనిషి మెట్లు దిగడం మానేశాక ఆ నిప్పును ఎవరు కనిపెట్టి ఉండాలన్న ప్రశ్న మనకు మళ్ళీ ఎదురవుతుంది.

నీళ్ళు కాచుకోవడానిది వేరే కథ. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటరు గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే పరికరం తయారుచేసి, ఐస్‌లాండ్‌లోని వేడినీటి ఊట పేరుమీద దానికి గీజర్ అని పేరు పెట్టాడు. మన ఇళ్ళలో ఇప్పటికీ వాడే మాట అదే. ఆ పరికరానికి పొగగొట్టం లేదు. మంట నుంచి వచ్చిన వాయువులు స్నానాల గదిలోనే ఉండిపోయేవి. చలికాలంలో, గాలి ఆడని స్నానాల గదుల్లో గ్యాసు గీజర్ల వల్ల ప్రాణాలు పోయిన వార్తలు మన పత్రికల్లో నేటికీ కనిపిస్తున్నాయంటే ఆ సమస్య ఎంత పాతదో ఊహించండి. 1889లో పిట్స్‌బర్గ్‌లో నార్వే నుంచి వచ్చిన ఇంజనీరు ఎడ్విన్ రూడ్, నీళ్ళను తొట్టెలో నిలవచేసి, చల్లబడినప్పుడల్లా తనంతట తానే వెలిగి కాచే హీటరును రూపొందించాడు. గరాజులో మనం చూసిన డ్రమ్ము దాని వారసురాలే.

అయితే ఇవన్నీ వెంటనే అందరికీ అందలేదు. 1940 జనగణన నాటికి కూడా అమెరికాలో సగానికి పైగా ఇళ్ళు బొగ్గుతోనూ, దాదాపు నాలుగో వంతు ఇళ్ళు కట్టెలతోనూ వెచ్చబడేవి. కొళాయిలో వేడినీళ్ళు, స్నానపు తొట్టె, ఫ్లష్ మరుగుదొడ్డి మూడూ ఉన్న ఇళ్ళు సగానికి కొంచెం పైన మాత్రమే. 1970 వచ్చేసరికి బొగ్గుతో వెచ్చబడే ఇళ్ళు నూటికి మూడు కూడా లేవు. ఒక్క తరంలో జరిగిన ఈ మార్పే మన కథకు మూలం.

గుర్రపుశాల నుంచి గరాజు

ఇప్పుడు కారు వైపు చూద్దాం. గుర్రపుబగ్గీల కాలంలో గుర్రపుశాల ఇంటికి దూరంగా పెరట్లో ఉండేది. వాసన ఒక కారణం, ఎండుగడ్డి అంటుకుంటుందన్న భయం ఇంకో కారణం. తొలినాటి కార్లు కూడా ఆ శాలల్లోకే చేరాయి. అప్పుడు గడ్డి భయం పోయి పెట్రోలు భయం వచ్చింది. కాబట్టి గరాజు కూడా పెరటి చివరనే ఉండిపోయింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కార్లు 1927 నాటికి కోటీ యాభై లక్షలు తయారయ్యాయి. కారు సామాన్యుడి వస్తువైంది.

గరాజును ఇంటి గోడకు ఆనించి కట్టడం మొదట వాస్తుశిల్పుల ప్రయోగం. 1910లో షికాగోలో పూర్తయిన రోబీ హౌస్‌లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ మూడు కార్ల గరాజును ఇంట్లో భాగంగానే కట్టాడు. తరవాత రైట్ అభిప్రాయం మారింది. 1930లలో ఆయన రూపొందించిన చవక ఇళ్ళలో బేస్‌మెంటూ లేదు, గరాజూ లేదు. కారుకు ఒక చూరు మాత్రం ఉండేది. బిల్డర్లు ఆయన మాటలో సగమే విన్నారు. బేస్‌మెంట్ తీసేశారు, గరాజు మాత్రం ఉంచారు. పైగా దాన్ని ఇంటికే అంటించారు. వానలో, మంచులో తడవకుండా కారు దిగి నేరుగా ఇంట్లోకి రావచ్చునన్న సుఖం ముందు పెట్రోలు భయం నిలవలేదు.

బేస్‌మెంట్ లేని ఇల్లు

1944లో యుద్ధ సైనికుల పునరావాస చట్టం వచ్చింది. తిరిగివచ్చిన సైనికులకు ముందుగా డబ్బు కట్టనక్కర లేకుండానే ఇంటి రుణాలు దొరికాయి. ఇళ్ళు త్వరగా, చవకగా, వేల సంఖ్యలో కావలసివచ్చాయి. బేస్‌మెంట్ తవ్వాలంటే ఖర్చు, కాలం రెండూ కావాలి. నేలమీదే కాంక్రీటు పలక పోసి దానిమీద ఇల్లు లేపడం తేలిక. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిట్‌టౌన్‌లో 1951 నాటికి పదిహేడు వేలకు పైగా ఇళ్ళు ఈ పద్ధతిలోనే కట్టారు. కాంక్రీటు పలకలో రాగి గొట్టాలు వేసి వాటిలో వేడినీళ్ళు పారించి ఇంటిని వెచ్చబరిచారు. బేస్‌మెంట్ లేదు కాబట్టి బాయిలర్‌ను వంటింట్లోనే అమర్చారు. ఈ సౌకర్యాలన్నీ తెల్లవారికే పరిమితమని అక్కడి ఒప్పంద పత్రాల్లో రాసుకున్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటి యంత్రాల చరిత్రలో ఆ యంత్రం ఎవరికి దక్కిందన్నది కూడా ఒక ప్రశ్న.

యుద్ధం ఇంకొకటి కూడా మిగిల్చింది. టెక్సస్ నుంచి తూర్పు తీరానికి చమురు పంపడానికి ప్రభుత్వం వేసిన రెండు భారీ గొట్టపు మార్గాలను 1947లో ఒక ప్రైవేటు కంపెనీ కొని సహజవాయువు పంపడానికి మార్చుకుంది. అలాంటి మార్గాలు దేశమంతా అల్లుకున్నాయి. గ్యాసుకు బొగ్గు గది అక్కరలేదు, బూడిద లేదు. ఫర్నేసుకు విద్యుత్ ఫ్యాను వచ్చింది కనుక అది ఇంటికి అడుగునే ఉండవలసిన అవసరమూ తీరిపోయింది. భౌతికశాస్త్రం వేసిన ముడి ఊడింది. ఇక యంత్రాన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలన్నది వాతావరణాన్ని బట్టి, నేలను బట్టి తేలింది. మిన్నెసోటా వంటి చోట్ల చలికి నేల లోతుగా గడ్డకడుతుంది. పునాది ఎలాగూ లోతుగా తీయాలి కాబట్టి అక్కడ బేస్‌మెంట్ కొనసాగింది. టెక్సస్‌లో చాలా ఇళ్ళలో యంత్రాలు అటకెక్కాయి. కాలిఫోర్నియాలో నీళ్ళు గడ్డకట్టే భయం దాదాపు లేదు కనుక గరాజే అనువైన చోటయింది. బిల్డరు లెక్క సులువుగా అర్థమవుతుంది: ఇంట్లో ప్రతి చదరపు అడుగూ అమ్ముకునే సరుకు, గరాజులో మూల మాత్రం ఉచితం. కారు రాకతో ఇంటికి అంటుకున్న పెట్రోలూ, బేస్‌మెంట్ పోవడంతో బయటికి వచ్చిన మంటా అలా ఒకే చోట కలిశాయి.

పద్దెనిమిది అంగుళాలు

పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా అంటుకోగలిగినంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అందుకని పైకి లేవదు, నీళ్ళలా నేలమీద పరుచుకుంటుంది. గాలిలో దాని వంతు నూటికి ఒకటిన్నర దగ్గరికి చేరితే చాలు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గరాజులో కారొక్కటే ఉండదు. గడ్డి కోసే యంత్రం, దానికోసం ఒక పెట్రోలు డబ్బా, రంగులు కలిపే థిన్నరు ఉంటాయి. డబ్బా ఒలికితే ఆవిరి నేలంట పాకుతూ వాటర్ హీటర్ అడుగుకు చేరుతుంది. అక్కడ పైలట్ జ్వాల రాత్రింబవళ్ళు వెలుగుతూనే ఉంటుంది. పైలట్ అంటే పెద్ద మంటను వెలిగించడానికి ఎప్పుడూ ఆరకుండా ఉంచే చిన్న దీపం. పాతకాలపు హీటరులో అది నేలకు జానెడు ఎత్తున కూడా ఉండేది కాదు.

ఇలా అంటుకున్న ఇళ్ళు, కాలిన మనుషులు అమెరికన్ న్యాయస్థానాల్లో ఎన్నో వ్యాజ్యాలకు కారణమయ్యారు. నియమావళి ఇచ్చిన జవాబు పీఠం. గరాజులో పెట్టే గ్యాసు పరికరంలో నిప్పు పుట్టే భాగం నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలి. ఆవిరి నేలను పట్టుకుని ఉంటుంది కాబట్టి మంటను దానికి అందనంత ఎత్తుకు లేపారు. కారు పొరపాటున గుద్దకుండా ఇనుప స్తంభం పెట్టమన్నారు. గరాజుకూ ఇంటికీ మధ్య గోడకు అర అంగుళం జిప్సం బోర్డు వేయమన్నారు. గరాజు నుంచి పడకగదిలోకి నేరుగా తలుపు పెట్టకూడదన్నారు.

ఈ నియమాలను ఎవరు రాశారు? అమెరికాలో భవన నిర్మాణానికి దేశమంతటికీ ఒకే చట్టం లేదు. పశ్చిమతీర అధికారుల సంఘం 1927లో ఒక నమూనా నియమావళిని ప్రచురించింది. కొళాయి పనులకు ఇంకొకటి 1945లో వచ్చింది. గ్యాసు పరికరాలకు జాతీయ నియమావళి 1974లో రూపుదిద్దుకుంది. మూడు ప్రాంతీయ సంఘాలు 1994లో చేతులు కలిపాయి, 2000లో ఇళ్ళకోసం ప్రత్యేక నియమావళి వచ్చింది. వీటిలో ఏదీ దానంతట అది చట్టం కాదు. ఆయా రాష్ట్రాలో నగరాలో ఆమోదిస్తేనే అమలవుతుంది. అందుకే పక్కపక్క ఊళ్ళలో కూడా నియమాలు కొంచెం తేడాగా కనిపిస్తాయి.

గోడ కడితే ఏమవుతుంది?

ఇక పాఠంలో అసలు విషయానికి వద్దాం. గరాజు చాలా ఇళ్ళలో కారు కోసం మిగల్లేదు. బట్టలు ఉతికే చోటుగా, వడ్రంగి బల్లగా, పిల్లల ఆటగదిగా, వచ్చినవాళ్ళ పడకగదిగా మారింది. అప్పుడు ఆ మూలనున్న యంత్రం కంటికి వికారంగా, చెవికి రొదగా తోచింది. నాలుగు చెక్కలు, రెండు జిప్సం బోర్డులు, ఒక తలుపు తెచ్చుకుంటే సెలవురోజున ఇంటాయనే దాన్ని మూసేయగలడు. పనిలో పనిగా పెట్రోలు ఆవిరి నుంచి కూడా రక్షణ దొరుకుతుందని అనుకునేవాళ్ళు. నియమావళి ఈ ఆశను ఒక్క నిర్వచనంతో తోసిపుచ్చింది. ఇంటి నివాస భాగం కాని ఏ గదికైనా గరాజు వైపు తలుపు ఉంటే ఆ గదీ గరాజే. తలుపు కింద సందులోంచి ఆవిరి దూరకుండా ఉండదు కదా. కాబట్టి లోపల కూడా పీఠం ఉండవలసిందే. గదికి దారి గరాజు బయటి నుంచి మాత్రమే ఉండి, మంటకు గాలి కూడా బయటి నుంచే వస్తే పీఠం అక్కరలేదని జాతీయ గ్యాసు నియమావళి అంగీకరించింది. నా దృష్టిలో ఈ మొత్తం నియమావళిలో బాగా ఆలోచించి రాసిన వాక్యం ఇదే. గోడ ఎంత మందమన్నది దానికి ముఖ్యం కాదు, గాలి ఎటునుంచి వస్తుందన్నదే ముఖ్యం.

గోడ తెచ్చే అసలు ప్రమాదం గాలి కరవు. ఒక ఘనపు అడుగు సహజవాయువు కాలడానికి సుమారు పది ఘనపు అడుగుల గాలి కావాలి. గాలి చాలకపోతే మంట పూర్తిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళు మరి లేవకపోవచ్చు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఫర్నేస్ ఫ్యాను మూసిన గదిలోంచి గాలిని లాగేస్తే, పొగగొట్టంలో పైకి పోవలసిన వాయువులు తిరిగి కిందికి వస్తాయి. ఆ గాలి గొట్టాల గుండా పడకగదులకే చేరుతుంది. అందుకే ఇంట్లోకి పంపే గాలిని గరాజు నుంచి తీసుకోవడాన్ని నియమావళి నిషేధించింది.

బొగ్గు ఫర్నేస్ దగ్గరికి మెట్లు దిగి వెళ్ళిన మనిషి ఇక్కడ లేడు. మంట దానంతట అదే వెలుగుతుంది, ఆరుతుంది. పైగా ఇప్పుడు దాన్ని తలుపు వెనక పెట్టేశాం. పైలట్ జ్వాల పసుపురంగుకు తిరిగినా చూసేవాళ్ళు లేరు. కంటికి కనిపించనిది అదుపు తప్పితే ఏమవుతుందో అమెరికాకు అప్పటికే తెలుసు. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ ఊళ్ళో బడి నేల కింద మూసి ఉన్న ఖాళీ చోటులో వాసన లేని గ్యాసు పేరుకుని పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. గ్యాసుకు దుర్వాసన కలపాలన్న చట్టం దాని తరవాతే వచ్చింది. మన వంటగ్యాసు సిలిండరులో వచ్చే వాసన కూడా ఈ జాగ్రత్త కోసం కలిపినదే. కాని కార్బన్ మోనాక్సైడ్‌కు అలా వాసన కలపలేం. అది సరఫరా అయ్యే వాయువు కాదు, అక్కడికక్కడ పుట్టేది. ఇక మిగిలిన దారి, గాలికి లెక్క కట్టడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఈ లెక్కను మీరే చేసి చూడండి. ఒక గరాజులో గంటకు 40,000 బీటీయూల వాటర్ హీటర్, 80,000 బీటీయూల ఫర్నేస్ ఉన్నాయనుకోండి. బీటీయూ అంటే ఒక పౌను నీటిని ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ వేడిచేసే ఉష్ణం. ప్రతి 1,000 బీటీయూలకు 50 ఘనపు అడుగుల చోటు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. రెండు యంత్రాలకూ ఎంత చోటు కావాలి? 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న రెండు కార్ల గరాజు దానికి సరిపోతుందా? 5 అడుగులు, 4 అడుగుల కొలతలతో అంతే ఎత్తున కట్టిన చిన్న గది మాటేమిటి?

కావలసింది 6,000 ఘనపు అడుగులు. గరాజులో ఉన్నది 3,200. అంటే గోడ కట్టకముందే లోపలి గాలి చాలదు, బయటి నుంచి రంధ్రాలు ఉండవలసిందే. చిన్న గదిలో ఉన్నది 160 మాత్రమే. రెండు యంత్రాలూ కలిసి గంటకు 1,200 ఘనపు అడుగుల గాలి తీసుకుంటాయి కనుక బయటి గాలి రాకపోతే ఆ గది గాలి 8 నిమిషాలకు సరిపడేంత. నిజానికి అంతకు ముందే మంట చెడిపోతుంది.

పరిష్కారంగా నియమావళి రెండు రంధ్రాలు అడిగింది. ఒకటి పైకప్పుకు 12 అంగుళాల లోపు, రెండోది నేలకు 12 అంగుళాల లోపు. గోడలోంచి నేరుగా బయటికి తెరుచుకుంటే ప్రతి 4,000 బీటీయూలకు ఒక చదరపు అంగుళం, అంటే మన లెక్కలో ఒక్కొక్కటి 30 చదరపు అంగుళాలు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. రంధ్రానికి అడ్డపలకల జాలీ బిగిస్తారు. పలకలు ఆక్రమించిన మేర గాలి పోదు. లోహపు జాలీలో నూటికి 75 వంతులు, చెక్క జాలీలో 25 వంతులు మాత్రమే ఖాళీగా లెక్కించాలి. కాబట్టి చెక్క జాలీ అయితే 120 చదరపు అంగుళాలు కావాలి. తలుపు అందంగా ఉండాలని చెక్క జాలీ ఎంచుకున్నవారికి ఈ నాలుగింతల తేడా తెలియకపోతే, బయటికి అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

పాత ఇల్లు, కొత్త నియమం

నియమం పుస్తకంలో ఉండడం వేరు, ఇంట్లో ఉండడం వేరు. సాధారణంగా కొత్త నియమాలు కొత్త కట్టడాలకే వర్తిస్తాయి. 1955లో కట్టిన ఇల్లు 1955 నాటి నియమాల ప్రకారమే కొనసాగవచ్చు. పాత హీటర్ మార్చినప్పుడో, అనుమతి తీసుకుని మార్పులు చేసినప్పుడో మాత్రమే అధికారి వచ్చి చూస్తాడు. సెలవురోజున అనుమతి లేకుండా కట్టిన గోడ ఎవరి లెక్కలోకీ రాదు. ఫలితంగా కొత్త ఇల్లు కొనగలవాడికి రక్షణ ముందు అందింది. పాత ఇంట్లో అద్దెకున్నవాడికి, గరాజునే గదిగా మార్చి ఇస్తే అందులో ఉన్నవాడికి చివరన అందింది, లేదా అందనే లేదు. నియమావళి చరిత్రను కేవలం ప్రగతి కథగా చెప్పే పుస్తకాలు ఈ అంతరాన్ని దాటవేస్తాయి.

దీనికి ఒక మినహాయింపు కాలిఫోర్నియాలో కనిపిస్తుంది. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపంలో పక్కకు ఒరిగిన వాటర్ హీటర్లు, తెగిన గ్యాసు గొట్టాలు మంటలకు దోహదం చేశాయి. నీళ్ళు నిండిన పెద్ద హీటరు రెండు మూడు వందల కిలోల పైనే తూగుతుంది. పొడుగాటి పీఠం మీద అది మరింత అస్థిరం. చూడండి, ఒక ప్రమాదానికి మందుగా వచ్చిన పీఠం ఇంకొక ప్రమాదానికి కొంత ఊతమిచ్చింది. పై మూడో వంతులో ఒకటి, కింది మూడో వంతులో ఒకటి పట్టీలు బిగించాలన్న నియమాన్ని ఆ రాష్ట్రం పాత హీటర్లకు కూడా వర్తింపజేసింది. ఇల్లు అమ్మేవాడు పట్టీలున్నాయని కొనేవాడికి రాసి ఇవ్వాలి.

పెట్టెలోపలి పెట్టె

20వ శతాబ్ది చివరి దశకాల్లో పరిష్కారం దారి మార్చింది. చుట్టూ గది కట్టే బదులు యంత్రమే తనను తాను మూసుకుంది. 1980లలో వచ్చిన అధిక సామర్థ్యపు ఫర్నేసుల్లో మంట పూర్తిగా మూసిన పెట్టెలో ఉంటుంది. ఒక ప్లాస్టిక్ గొట్టం బయటి నుంచి గాలి తెస్తుంది, ఇంకొకటి వాయువులను బయటికి పంపుతుంది. అలాంటి ఫర్నేస్ గరాజు గాలిని ముట్టదు కనుక చిన్న గదిలో పెట్టినా దమ్ము సమస్య ఉండదు. 2003 జూలై నుంచి మామూలు గ్యాసు వాటర్ హీటర్లు కూడా దశలవారీగా మారాయి. అడుగున ఆవిరి అంటుకున్నా ఆ మంట బయటికి రాకుండా సన్నటి రంధ్రాల పలక ఒకటి అడ్డుపడుతుంది. ఇలాంటి హీటరుకు 18 అంగుళాల పీఠం తప్పనిసరి కాదని తరవాతి నియమావళి ఒప్పుకుంది. అయినా చాలామంది మెస్త్రీలు పీఠం మీదే పెడుతున్నారు, అలవాటు అంత తొందరగా పోదు మరి.

ఇప్పుడు మంటే లేని యంత్రం వస్తోంది. హీట్ పంపు వాటర్ హీటర్ చుట్టూ ఉన్న గాలిలోంచి వేడిని లాగి నీళ్ళకు ఇస్తుంది, ఫ్రిజ్ చేసే పనిని తిప్పి చేసినట్టు. పెట్రోలు ఆవిరిని అంటించే పైలట్ దానిలో లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు. కాని దానికీ గాలి కావాలి. సుమారు 700 ఘనపు అడుగుల చోటు ఉండాలని తయారీదారులు చాలామంది చెబుతారు. మన 160 ఘనపు అడుగుల గదిలో దాన్ని పెడితే ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు. గది చల్లబడిపోయి నీళ్ళు మాత్రం సరిగా కాగవు, కరెంటు బిల్లు పెరుగుతుంది. దానికి కూడా తలుపుకు జాలీలే పెట్టుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా వాయు నాణ్యత సంస్థ 2023లో ఆమోదించిన నియమాల ప్రకారం చిన్న గ్యాసు వాటర్ హీటర్ల కొత్త అమ్మకాలకు 2027 నుంచి, ఫర్నేసులకు 2029 నుంచి గడువులు పెట్టారు. ఫ్రీమాంట్, సన్నీవేల్ ఆ ప్రాంతంలోనివే. అక్కడి తెలుగు కుటుంబాలు ఈ పీఠాలనూ జాలీ తలుపులనూ ఉంచాలా తీసేయాలా అని వచ్చే కొన్నేళ్ళలో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

అభ్యాసం

1. బేస్‌మెంట్ నుంచి గరాజుకు ఫర్నేస్ మారడానికి సాంకేతిక కారణాలు ఎక్కువగా పనిచేశాయా, ఆర్థిక కారణాలా? పాఠంలోని వివరాలతో 30 పంక్తుల్లో చర్చించండి.

2. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఇంట్లోనో గ్యాసు సిలిండర్, గీజర్, ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కడ ఉన్నాయో చూడండి. వాటి చోటును ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో నిర్ణయించారో ఇంటి పెద్దలను అడిగి రాసుకోండి. గాలి ఎటునుంచి వస్తోందో, ఎటు పోతోందో పటం గీసి చూపండి.